పోలో జీటీకి 17 అంగుళాల చక్రాలు వేయాలా, 16లోనే ఉండాలా?

బెజవాడ_టర్బో:
అన్నలూ, నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, కంపెనీ టైరు సైజు 195/55 ఆర్16 (వెడల్పు 195 మి.మీ., సైడ్‌వాల్ అంటే పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) అయింది, బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు కూడా వేయించాను. ఇప్పుడు వాన పడితే చాలు, సెకండ్ గేర్‌లో కూడా ముందు చక్రాలు జారిపోతున్నాయి. ఆటోనగర్‌లో ఒకతను సెకండ్‌హ్యాండ్ 17 అంగుళాల అల్లాయ్స్, 7.5జే ఈటీ 35 (రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, హబ్‌కి బిగించే ముఖం రిమ్ము మధ్యగీత నుంచి 35 మి.మీ. బయటికి), 215/45 టైర్లతో కలిపి ఇస్తానంటున్నాడు, కళ్లు మూసుకుని బిగించుకోవచ్చంటున్నాడు. రోజూ గుంటూరు వెళ్లొస్తాను, అప్పుడప్పుడు అమ్మానాన్నలతో హైదరాబాద్. తీసుకోమంటారా?

హైవే16:
17 వేసుకో తమ్ముడూ, స్టీరింగ్ తిప్పీ తిప్పగానే బండి మాట వింటుంది. నేను 205/45 ఆర్17 వాడుతున్నా, మంగళగిరి దాకా హైవే మీద దాని దారి వేరు. కాకపోతే లోపలి రోడ్లలో గుంత కనిపిస్తే ఆగి ఆగి పోవాల్సిందే.

కృష్ణాతీరం:
నేనైతే వద్దంటాను. చుట్టుకొలత వల్ల కాదు, అది సరిపోతుంది: నీ పాత టైరు ఎత్తు దాదాపు 621 మి.మీ., 215/45 ఆర్17 625, మీటర్ తేడా ఒక శాతం కూడా ఉండదు. ఇబ్బంది వెడల్పు దగ్గర. పాత రిమ్ము వెనక పోతపోసిన నంబర్ చదువు. అది 6.5జే ఈటీ 40 అనుకుందాం, కొత్త రిమ్ము బయటికి 17.7 మి.మీ., లోపల షాకబ్జార్బర్ ఉండే స్ట్రట్ వైపు 7.7 మి.మీ. జరుగుతుంది. బండి కిందికి దించావు, వెనక సీట్లో అమ్మానాన్న, డిక్కీలో సామాను, ఆ బరువుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు టైరు భుజం ఫెండర్ (చక్రం పైనుండే రేకు) అంచుకి రాసుకునే అవకాశం చాలా ఉంది.

ఇక 205/45 ఆర్17 తీసుకునేవాళ్లు టైరు మీద సైజు పక్కనున్న అంకె చూడండి. 84 అంటే ఒక్కో టైరు మోసేది 500 కిలోలు, మన 195/55 ఆర్16లో మామూలుగా వచ్చే 87 అయితే 545. అంటే ఖరీదైన టైరు వేసి మోసే శక్తి తగ్గించుకున్నట్టు. 88 ఎక్స్ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అడిగి తీసుకోండి, అది 560 మోస్తుంది, గాలి కాస్త ఎక్కువ పెట్టాలి.

అసలు నీ బాధ వానలో పట్టు లేకపోవడం కదా, అది రిమ్ము పెంచితే రాదు. పట్టు ఇచ్చేది రబ్బరు. అదే 195/55 ఆర్16లో తడిరోడ్డుకు పేరున్న మెత్తటి టైరు, తయారీ తేదీ చూసి తీసుకో, నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. పాత టైర్లు పైకి నిగనిగలాడుతున్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, సెకండ్‌హ్యాండ్ సెట్టుతో నాకు భయం అదే. సైడ్‌వాల్ ఎత్తు ఉంటే గుంతలో పడ్డా రిమ్ము సొట్టపోయే, టైరుకు బుడగ వచ్చే ప్రమాదం కూడా తక్కువ. గాలి పొద్దున్నే బండి కదలకముందు చూసుకో, మే ఎండలో హైవే దిగి వచ్చాక ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు తీసేయకు.

బెజవాడ_టర్బో:
రబ్బరు మాట అర్థమైంది అన్నా, 16లోనే కొత్త టైర్లు చూస్తాను. తర్వాత ఎప్పుడైనా రిమ్ములు మార్చితే ఇంకేం చూడాలి?

చక్రం_బోల్టు:
పోలోకి పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం) 5x100, అంటే ఐదు బోల్టులు, 100 మి.మీ. వలయం; మధ్య రంధ్రం 57.1 మి.మీ. బయటి రిమ్ములకు చాలావాటికి 73.1 ఉంటుంది, ఆ ఖాళీ పూడ్చే హబ్ రింగు లేకుండా బిగిస్తే స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా పోదు. బోల్టు తల కింద భాగం కూడా చూడండి, కంపెనీది గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములు ఎక్కువగా శంఖం ఆకారం అడుగుతాయి, రెండూ కలిపితే బిగుతు నిలవదు. 120 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్ పెట్టించండి, కొంచెం తిరిగాక మళ్లీ చూపించండి. కంపెనీ బోల్టులు ఒక సెట్టు డిక్కీలో ఉంచండి, స్టెప్నీ కంపెనీ రిమ్మే కాబట్టి దారిలో దానికి అవే కావాలి.