ఓహైయో లోయలో పేలిన తుపాకికీ చందుర్తి పొలాలకీ సంబంధం ఏమిటి?

ప్రశ్న (కృష్ణాతీరం):
ఏడేళ్ల యుద్ధం 1756లో మొదలైందని పుస్తకాల్లో ఉంటుంది. కానీ అమెరికాలో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ 1754లోనే కొట్టుకున్నారు. మన గడ్డమీద బొబ్బిలి 1757, చందుర్తి 1758, మచిలీపట్నం 1759. ఇవన్నీ ఒకే యుద్ధమా? బొబ్బిలిని కూడా అందులో కలపవచ్చా?

పాతపటం:
1754 మే 28న ఓహైయో లోయలో ఇంగ్లీషువారి తరఫున వాషింగ్టన్ దళం జుమోన్‌విల్ అనే ఫ్రెంచి అధికారి దళంపై పడింది. అప్పటికి అది ఎల్లల తగాదా. 1755లో బ్రిటిష్ నౌకాదళం, యుద్ధం ప్రకటించకుండానే, వందల సంఖ్యలో ఫ్రెంచి వర్తక ఓడల్ని పట్టుకుంది. తగాదా అక్కడ సముద్రమెక్కింది. ఓడలు పోతే నావికులూ పోతారు, ఫ్రాన్సుకు ఆ లోటు చివరిదాకా పూడలేదు.

యూరప్‌లో పొత్తులు మారడం మరో మెట్టు. 1756 జనవరిలో బ్రిటన్ ప్రష్యాతో ఒప్పందం చేసుకుంది. మే 1న ఫ్రాన్సు, తన పాత శత్రువైన ఆస్ట్రియాతో చేతులు కలిపింది. మే నెలలోనే బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, ఆగస్టు 29న ప్రష్యా రాజు ఫ్రెడరిక్ జర్మనీలోని సాక్సనీలో దిగాడు. 1758 నుంచి బ్రిటన్ ప్రష్యాకు ఏటా 6,70,000 పౌండ్లు ఇచ్చి ఫ్రాన్సును జర్మనీలో ఇరికించి ఉంచింది.

కోటబురుజు:
బొబ్బిలిని కలపకండి. 1757 జనవరి 24 నాటి ఆ పోరులో ఇంగ్లీషు సైన్యమే లేదు. నిజాం సలాబత్ జంగ్ 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను (జిల్లాల వంటి ప్రాంతాలు) ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఇచ్చాడు. ఆ శిస్తు రాబట్టడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ విజయనగరం రాజు విజయరామరాజు పక్షం వహించాడు. అందులోకి విజయనగరం, బొబ్బిలి పగ వచ్చి చేరింది. అదే ఏడు జూన్‌లో బుస్సీ ఇంగ్లీషువారి విశాఖపట్నాన్ని పట్టుకోవడం మాత్రం ప్రపంచ యుద్ధంలో భాగమే.

అసలు మలుపు 1758లో వచ్చింది. మద్రాసు ముట్టడి కోసం ఫ్రెంచి సేనాధిపతి లాలీ బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిపించాడు. సర్కార్లు మరో ఫ్రెంచి అధికారి కాన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చాయి. సైన్యాన్ని పోషించే రాబడి ఉన్న చోటే బలం తగ్గించడం లాలీ చేసిన పెద్ద తప్పు. విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతిరాజు విశాఖను పట్టుకుని ఇంగ్లీషువారికి కబురంపాడు. క్లైవ్ బెంగాల్ నుంచి సేనాని ఫోర్డ్‌ను 500 మంది యూరోపియన్లతో, 2,000 మంది సిపాయిలతో ఓడల్లో పంపాడు.

డిసెంబరులో చందుర్తి దగ్గర ఎర్ర చొక్కాల సిపాయిల్ని చూసి ఫ్రెంచివాళ్లు వాళ్లే తెల్ల పటాలం అనుకుని మీదపడ్డారు. అసలు తెల్ల పటాలం మనిషెత్తు పైరు చాటున ఉంది, పక్కనుంచి కాల్చి ఫ్రెంచి వరసను చిందరవందర చేసింది.

కృష్ణాతీరం:
మచిలీపట్నం కోట చుట్టూ ఆటుపోట్లకు మునిగే చిత్తడి కదా, ఎలా దొరికిందండీ?

కోటబురుజు:
ఫోర్డ్‌కు వేరే దారి లేక. ఆనంద గజపతి ఇస్తానన్న డబ్బు ఆలస్యమై, జీతాలు అందక సైనికులు ఎదురుతిరిగారు. మందుగుండు రెండు రోజులకు మించి లేదు. బెజవాడ వైపు నుంచి సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. అందుకని 1759 ఏప్రిల్ 7 రాత్రి మూడు వైపులా కదిలారు: నైరుతిలో చిత్తడి దాటి ఒక దళం, రాజుగారి మనుషులు కట్టమీదుగా, ఈ రెండూ దృష్టి మళ్లించడానికి. అసలు దెబ్బ ఈశాన్య బురుజు మీద. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఫ్రెంచి సాయం ఓడల్లో వచ్చింది గానీ, కోట పోయాక. మే 14న సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని ఇంగ్లీషువారికి రాసిచ్చాడు.

ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది: అదే ఏడు నవంబరులో ఫ్రాన్సు తీరంలోని కిబెరాన్ అఖాతంలో ఓడిన ఫ్రెంచి నౌకాధిపతి పేరూ కాన్‌ఫ్లాన్సే. వేరే మనిషి.

పాతపటం:
ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ చేతిలో ఉన్న మనీలాను కూడా చేర్చుకోండి. 1762 జనవరిలో స్పెయిన్‌తో యుద్ధం మొదలైతే, దండు బయల్దేరింది లండన్ నుంచి కాదు, మద్రాసు నుంచి. అక్టోబరు 6న మనీలా లొంగింది. ఆ సంగతి యూరప్‌కు తెలియకముందే, నవంబరు 3న ప్రాథమిక సంధి కుదిరింది. 1763 ఫిబ్రవరి 10న పారిస్ సంధి జరిగాక ఆ నగరాన్ని స్పెయిన్‌కు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది, అప్పగింత 1764లో.