ముందు ఫోర్కు దించాక మణికట్లు అదిరిపోతున్నాయి, ఎక్కడ తప్పు చేశాను?

కాళ్లు నేలకు అందట్లేదని బండి ముందూ వెనకా 30 మి.మీ. దించానండి. వెనక బాగానే ఉంది. ముందు ఫోర్కులో డ్యాంపర్ రాడ్ (లోపల కదలికను అదుపు చేసే కడ్డీ) మీద, టాప్ అవుట్ స్ప్రింగ్ (ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే చిన్న స్ప్రింగ్) దగ్గర స్పేసర్ వేశా. అప్పటి నుంచి చిన్న గుంతకే హ్యాండిల్ చేతుల్ని గుద్దుతోంది.

ఎంత దిగుతోందో తెలియడానికి ఫోర్కు గొట్టానికి జిప్ టై కట్టి చూశా. దిగడానికి మిగిలిన 90 మి.మీ.లో 40 కూడా దాటలేదు. అంటే అడుక్కి కొట్టుకోవడం కాదు, అసలు లోపలికే దిగట్లేదు. ఫోర్కు ఎక్కడైనా బిగుసుకుందేమోనని యాక్సిల్ బిగింపు బోల్టులు వదులు చేసి, నాలుగుసార్లు నొక్కి మళ్లీ బిగించినా తేడా లేదు.

ఇప్పుడు తడుతోంది: ప్రీలోడ్ గొట్టం (స్ప్రింగ్‌ను ముందే కొంత నొక్కి ఉంచేది) ఆ మేర కోయలేదు! స్ప్రింగ్ ముందే 30 మి.మీ. అదనంగా నొక్కుకుపోయినట్టేగా? ఒకేసారి అంతా కోసేయనా, కొంచెం కొంచెంగా కోస్తూ శాగ్ (బండి బరువుకీ నా బరువుకీ ఫోర్కు ఎంత దిగుతుందో అది) కొలుచుకోనా? ఆయిల్ మట్టం కూడా తగ్గించాలా? స్ప్రింగే కోయమని మాత్రం అనకండి బాబూ, అది ఇంకా గట్టిపడుతుంది.