స్పోర్ట్స్ సెడాన్‌కు మాన్యువలా, డ్యూయల్ క్లచ్చా? హనుమకొండ నుంచి ఒక సందేహం

నయీంనగర్ అధ్యాపకుడు:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా నడిపిన చిన్న కారును మా తమ్ముడికి ఇచ్చేసి, ఈసారి నడపడమే సరదాగా ఉండే సెడాన్ ఒకటి కొనాలని నిశ్చయించుకున్నాను. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా 1.5, హ్యుందాయ్ వెర్నా టర్బో అనే మూడింటి దగ్గరికి వచ్చి ఆగాను. మొదటి రెండింటిలో ఉన్నది 150 పీఎస్ శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే ఒకే ఇంజిన్. వెర్నాది 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. మూడు కార్లూ ఆరు గేర్ల మాన్యువల్‌తోనూ, క్లచ్ పెడల్ లేకుండా గేర్లను తానే మార్చుకునే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్‌తోనూ వచ్చినవే. కారు ఏదన్నది నేనే తేల్చుకోగలను, గేర్‌బాక్స్ దగ్గరే తెగడం లేదు. రెండింటి మధ్య ధరలో తేడా లక్ష పైచిలుకు.

నా వాడకం ఇది: రోజూ నయీంనగర్ నుంచి కాజీపేటకు వెళ్లి రావడం, అందులో సాయంత్రం పూట ఫాతిమానగర్ వంతెన మీద ఆగుతూ కదులుతూ గడిపే పావుగంట ఉంటుంది. నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్తాను. సెలవుల్లో రామప్ప, లక్నవరం వైపు. నా భార్య కూడా కారు నడుపుతుంది, ఆమెకు రెండు రకాలూ వచ్చు. షోరూములో చెప్పే మాటలు నాకు తెలుసు కాబట్టి, సొంతంగా నడిపినవారు, విప్పి చూసినవారు చెబితే వినాలని ఉంది.

పరకాల ప్రయాణికుడు:

అధ్యాపకుడు గారూ, మీరు "నడపడమే సరదాగా" అన్నారు. ఆ ఒక్క మాటతో మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకున్నట్టయింది. నా దగ్గర 2012 నాటి స్కోడా లారా ఆర్‌ఎస్ ఉంది: 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, 160 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్. పరకాల నుంచి హనుమకొండకు వచ్చే దారిలో ముందు ఎడ్లబండో వరికోత యంత్రమో కనబడగానే నాలుగు నుంచి మూడుకు దించి, ఇంజిన్ గొంతు మారడం విని, ఎదురుగా ఖాళీ ఉందని తేల్చుకుని దాటే ఆ మూడు సెకన్లలో నిర్ణయం పూర్తిగా నాది. ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాక మిగిలేది స్టీరింగు ఒక్కటే.

ఇంకొక సంగతి. 2024 ఫిబ్రవరిలో సమ్మక్క సారలమ్మ జాతరకు మేము రెండు కార్లలో వెళ్లాము. రెండోది మా బావగారి డ్యూయల్ క్లచ్ కారు. ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. గట్టమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినప్పుడు రెండూ బాగానే ఉన్నాయి. పస్రా దాటాక బండ్ల వరుసలో గంటన్నర సేపు అంగుళం అంగుళం జరిగేసరికి ఆయన మీటరులో గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలిగింది. పక్కకు ఆపి, చింతచెట్టు కింద అరగంట చల్లార్చాల్సి వచ్చింది. నా పాత బండికి ఏమీ కాలేదు, నా ఎడమ మోకాలికి మాత్రం అయింది, అది వేరే విషయం.

సుబేదారి వైద్యుడు:

పరకాల మిత్రుల అనుభవాన్ని కాదనను గాని, దాని నుంచి తీసిన తీర్పును ఒప్పుకోలేను. నేను నాలుగేళ్లుగా డ్యూయల్ క్లచ్ సెడాన్ నడుపుతున్నాను. రాత్రి రెండింటికి ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే నిద్రకళ్లతో గేర్లు వేయవలసిన అవసరం లేకపోవడం ఎంత సుఖమో నాకు తెలుసు. అయితే నా వాదన సుఖం గురించి కాదు, వేగం గురించి. స్పోర్ట్స్ సెడాన్ అని పేరు పెట్టుకున్నాక వేగం మాట పక్కన పెట్టలేము కదా.

టర్బో ఇంజిన్‌లో గేరు మార్చడానికి యాక్సిలరేటర్ మీది కాలు ఎత్తిన ప్రతిసారీ టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి కొంత పడిపోతుంది. క్లచ్ వదిలి మళ్లీ నొక్కాక అది పుంజుకోవడానికి క్షణం పడుతుంది. డ్యూయల్ క్లచ్‌లో ఆ తెంపు రాదు. పెంబర్తి దాటాక జాతీయ రహదారిపై లారీల వరుసను దాటేటప్పుడు రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు మారడం చెవికి తెలుస్తుంది తప్ప వీపుకు తెలియదు. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా ప్రతిసారీ అలా మార్చలేడు. ఇక గేరు మన చేతిలో లేదన్న ఫిర్యాదుకు స్టీరింగు వెనుక వేలితో గేరు మార్చే పాడిల్స్ ఉన్నాయి.

మైలేజీ గురించి పాత నమ్మకాలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి చెబుతున్నాను. వెర్నా టర్బోకు కంపెనీ ప్రకటించిన లెక్క మాన్యువల్‌కు లీటరుకు 20 కిలోమీటర్లు, డ్యూయల్ క్లచ్‌కు 20.6. రోడ్డు మీద అంత రాదని అందరికీ తెలుసు, కానీ ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుందన్న రోజులు పోయాయని చెప్పడానికి ఇది చాలు.

జమ్మికుంట మెకానిక్:

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, ఇద్దరూ వదిలేసిన అసలు సంగతి ఒకటి ఉంది. డ్యూయల్ క్లచ్‌ను మనం ఆటోమేటిక్ అంటున్నాము. కాలికి సంబంధించినంత వరకు అది నిజమే. విప్పి చూస్తే మాత్రం అది రెండు మాన్యువల్ గేర్‌బాక్సులను ఒకే పెట్టెలో కూర్చిన యంత్రం. 1, 3, 5, 7 గేర్లు ఒక క్లచ్‌కు, 2, 4, 6, రివర్స్ ఇంకొక క్లచ్‌కు అప్పగించి ఉంటాయి. మీరు మూడులో పోతుండగానే నాలుగో గేరు అవతలి షాఫ్టు మీద సిద్ధంగా కూర్చుంటుంది. ఒక క్లచ్ వదులుతుండగా రెండోది పట్టుకుంటుంది గనుక చక్రాలకు శక్తి ఆగదు. డాక్టరు గారు చెప్పిన వేగం అక్కడి నుంచి వచ్చిందే.

ఆ సిద్ధంగా కూర్చోవడమే ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. మీరు మెల్లగా వేగం పెంచుతున్నారు గనుక పెట్టె నాలుగును సిద్ధం చేసుకుంది, మీరు హఠాత్తుగా యాక్సిలరేటర్‌ను నేలకు నొక్కారు. ఇప్పుడు దానికి రెండో గేరు కావాలి, నాలుగూ రెండూ ఒకే షాఫ్టు మీదివి, ఒకటి విప్పితే గాని ఇంకొకటి పడదు. ఆ అర సెకను తటపటాయింపును చూసి బండిలో లోపం ఉందని నా దగ్గరికి తెచ్చినవారు ఉన్నారు. అది లోపం కాదు. దాటాలనుకున్న లారీకి వంద గజాల ముందే పాడిల్‌తో గేరు దించుకుంటే ఆ తటపటాయింపు ఉండదు. అంటే డ్యూయల్ క్లచ్‌కు కూడా ముందుచూపు ఉన్న డ్రైవరే కావాలి.

ఇక వేడి గురించి. మామూలు ఆటోమేటిక్‌లో క్లచ్‌కు బదులు ఉండే టార్క్ కన్వర్టర్‌లో జారుడంతా, అంటే ఇంజిన్‌కూ గేర్లకూ వేగం కలవనంతసేపు జరిగేదంతా, నూనెలో జరుగుతుంది, ఆ నూనె వేడిని కూలర్ దాకా మోసుకుపోతుంది. వర్టస్, స్లావియాలలోని ఏడు గేర్ల పెట్టెలో ఉన్నది డ్రై క్లచ్. అక్కడ జారుడు ప్లేట్ల ముఖాల మధ్య జరుగుతుంది, పుట్టిన వేడి గాలిలోకి పోవలసిందే, వేరే దారి లేదు. యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేస్తే ఇంజిన్ తిరిగే వేగానికి మొదటి గేరులో కారు గంటకు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అంతకన్నా నెమ్మదిగా జరగాలంటే క్లచ్ జారక తప్పదు, మాన్యువల్ అయినా డ్యూయల్ అయినా. మాన్యువల్‌లో మన కాలు నొప్పి పెట్టి, విసుగొచ్చి, న్యూట్రల్ చేసి కూర్చుంటాము, క్లచ్ చల్లబడుతుంది. డ్యూయల్‌లో కాలికి నొప్పి లేదు కాబట్టి బ్రేకును సగం వదులుతూ జరుగుతూనే ఉంటాము. పస్రా దారిలో ఆ కారు వేడెక్కింది ఇందుకే. ముందు బండికి మనకూ మధ్య రెండు కార్ల జాగా వచ్చేదాకా బ్రేకును గట్టిగా నొక్కి ఆగితే లోపల క్లచ్ పూర్తిగా విడిపోయి ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా కదలాలి. వంతెన ఎక్కేచోట బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని ఆపి ఉంచేవారు ఉన్నారు. డ్రై క్లచ్‌కు అంతకన్నా కీడు లేదు.

ఈ పెట్టె చరిత్ర కూడా చెప్పాలి. ఫోక్స్‌వ్యాగన్ తన మొదటి డ్యూయల్ క్లచ్‌ను 2003లో తెచ్చింది, అది నూనెలో మునిగి ఉండే వెట్ క్లచ్. ఏడు గేర్ల డ్రై రకం 2008లో వచ్చింది. 2013లో ఈ పెట్టెల సమస్యల మీద చైనాలో 3,84,181 కార్లను వెనక్కి పిలిచారు. అదే ఏడాది, వేడీ తేమా ఎక్కువగా ఉన్నచోట సింథటిక్ నూనె వల్ల పెట్టెలోని విద్యుత్ సరఫరా దెబ్బతినవచ్చని తేలి, ఖనిజ నూనెకు మార్చారు. మన మే నెల ఎండలు చూస్తే ఆ మాట గుర్తుకు రావడం సహజమే గాని, ఇప్పుడు వచ్చే పెట్టెలు ఆ తర్వాతివి. పాత భయాన్ని యథాతథంగా కొత్త బండికి అంటగట్టడం న్యాయం కాదు.

మాన్యువల్ చిరకాలం ఉంటుందన్న మాటను కూడా నేను పూర్తిగా నమ్మను. క్లచ్ పెడల్ మీద కాలు పెట్టుకునే నడిపే అలవాటుతో నలభై వేలకే ప్లేట్లు కాల్చుకుని వచ్చినవారినీ చూశాను, లక్షా ముప్పై వేలు దాటినా ప్లేటు మార్చనివారినీ చూశాను. తేడా అంతా రిపేరు దగ్గరే. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్చడం నా షెడ్డులో ఒక రోజు పని. డ్యూయల్ క్లచ్‌లో వాల్వులూ కంప్యూటరూ కలిసి ఉండే మెకట్రానిక్ యూనిట్ చెడితే నేను చేతులు కట్టుకుని చూడవలసిందే. కంపెనీ పరికరం లేకుండా దాన్ని ముట్టుకోలేము. అందువల్ల డ్యూయల్ తీసుకునేవారు వారంటీ పొడిగింపును కారు ధరలో భాగంగానే లెక్క వేసుకోవాలి.

పరకాల ప్రయాణికుడు:

మెకానిక్ గారి వివరణకు ధన్యవాదాలు. మా బావగారికి చూపించాను, ఆయన ఏమీ మాట్లాడలేదు.

కానీ డ్యూయల్ క్లచ్చే ముందు దారి అన్నట్టు మాట్లాడేవారికి ఒక ఉదాహరణ. బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్‌కు 2014లో వచ్చిన తరంలో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఉండేది. తర్వాతి తరానికి వచ్చేసరికి ఆ కంపెనీ దాన్ని వదిలేసి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్‌కు మారింది. ఆరు గేర్ల మాన్యువల్‌ను మాత్రం అడిగేవారి కోసం ఉంచింది.

సుబేదారి వైద్యుడు:

సగం చెప్పారు. అదే ఎం3లో మాన్యువల్ ఉన్న రకానికి 550 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌తో వచ్చే కాంపిటీషన్ రకానికి 650 ఇచ్చారు. ఎక్కువ టార్క్ కావాలన్నవారికి అక్కడ గేరు రాడ్డు దొరకదు. మన దేశంలో మీ లారా ఆర్‌ఎస్ వారసుల సంగతే చూడండి: 2017లో వచ్చిన 230 పీఎస్ ఆక్టావియా ఆర్‌ఎస్, 2025లో వంద కార్లకే పరిమితమై వచ్చిన 265 పీఎస్ ఆక్టావియా ఆర్‌ఎస్, రెండూ డ్యూయల్ క్లచ్‌తోనే వచ్చాయి. వాటిలోవి వెట్ క్లచ్‌లు అన్నది మెకానిక్ గారు అడగకముందే ఒప్పుకుంటున్నాను.

కరీంనగర్ బ్యాంకు ఉద్యోగిని:

రెండేళ్లుగా వారానికి ఐదు రోజులు కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా హనుమకొండకు వెళ్లి వస్తున్నాను. అందరూ లారీని దాటడం గురించే రాస్తున్నారు. నా లెక్కలో రోజుకు అలాంటి దాటడాలు పది ఉంటే, వరుసలో కదలడాలు రెండు వందలు ఉంటాయి. అధ్యాపకుడు గారి ఫాతిమానగర్ పావుగంటను ఏడాదికి లెక్క కడితే ఎన్ని గంటలవుతుందో ఆయనే వేసుకోవచ్చు. అంత వరుసలో ఉండేవారికి వర్టస్, స్లావియాలలోనే ఒక లీటరు ఇంజిన్‌తో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ వస్తుంది. 115 పీఎస్ మాత్రమేనన్నది నిజమే, స్పోర్ట్స్ సెడాన్ అని స్నేహితులకు చెప్పుకోలేరు. నేను అదే తీసుకున్నాను, హుజూరాబాద్ చౌరస్తాలో ఏనాడూ ఏ హెచ్చరికా వెలగలేదు.

ఇంట్లో ఇద్దరు నడుపుతారని రాశారు. ఇద్దరి అలవాట్లూ ఒకటేనా అన్నది ఎవరూ అడగలేదు. రెండు కార్ల జాగా వదలమని మెకానిక్ గారు చెప్పిన సూత్రం ఒకరు పాటించి ఇంకొకరు పాటించకపోతే క్లచ్‌కు ఆ తేడా తెలియదు.

నయీంనగర్ అధ్యాపకుడు:

అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగిని గారి ప్రశ్న చదివాక మా ఇంట్లో రెండు సాయంత్రాలు ఒకరి డ్రైవింగును ఇంకొకరం గమనించాము. బ్రేకు సగం వదులుతూ ముందు బండి వెనుకే అంటిపెట్టుకుని జరిగే అలవాటు నాదేనని తేలింది; నా భార్య జాగా వదిలి ఆగుతుంది, వెనుకవాడు హారన్ కొట్టినా కదలదు. మాన్యువల్ కావాలన్నది ఆమె, డ్యూయల్ క్లచ్ కావాలన్నది నేను. తలకిందులుగా ఉంది వ్యవహారం.

ఒక లీటరు కారు నడిపి చూశాను, మంచిదే, కానీ నేను కొనాలనుకున్నది అది కాదు. 1.5 మాన్యువల్‌ను రామప్ప వైపు తీసుకెళ్లాము. ములుగు దాటిన ఖాళీ రోడ్డు మీద పరకాల మిత్రులు చెప్పిందంతా అర్థమైంది. డ్యూయల్ క్లచ్‌ను షోరూం వారు ఆదివారం ఉదయం ఏడింటికి ఇస్తామన్నారు. సోమవారం సాయంత్రం ఆరింటికి, ఫాతిమానగర్ వంతెన మీద కావాలని అడిగాను. ఇంకా ఫోను చేయలేదు.