అప్‌డేట్: పాపకి ఎనిమిదో తరగతి సీటు వచ్చేసింది

మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. విశాఖ నుంచి హుబ్బళ్ళి, అక్కణ్ణుంచి బెంగళూరు బదిలీ. ఇక్కడ కేంద్రీయ విద్యాలయంలో సీటుకి పెడితే పాప పేరు వెయిటింగ్ లిస్టులో అడుగున పడింది, అప్పీలు చేసుకోవచ్చా అని అడిగాను కదా.

చేసుకున్నాం. ఎనిమిదో తరగతికి పరీక్ష ఉండదు, అది తొమ్మిదికే. ఖాళీలుంటే కేటగిరీని (అంటే తల్లిదండ్రుల ఉద్యోగం ఏ రకానిదో దాన్ని) బట్టి, అందులో గత 7 ఏళ్ళ బదిలీలు లెక్కేసి ఇస్తారు. మాకు ఒక్క బదిలీయే పడింది! చూస్తే, ఆఫీసువాళ్ళిచ్చిన సర్టిఫికెట్‌లో హుబ్బళ్ళి ఊసే లేదు.

మీరు చెప్పినట్టే కొత్త సర్టిఫికెట్ రాయించి, రిలీవింగ్ ఆర్డర్, జాయినింగ్ రిపోర్టు జతచేసి ప్రిన్సిపాల్‌గారికి అర్జీ ఇచ్చాం. ఒక్కోచోట కనీసం 6 నెలలు పనిచేసి ఉండాలి, ఊళ్ళ మధ్య 20 కిలోమీటర్లైనా ఉండాలి. అందుకే తేదీలు ముఖ్యం. స్టాంపు అలుక్కుపోయి ఆఫీసరుగారి హోదా సగమే కనిపిస్తోందని మళ్ళీ వేయించాం. ఆ టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

ఎంపీ కోటా (ఎంపీ సిఫార్సుతో సీటిచ్చే పద్ధతి) 2022లోనే ఎత్తేశారు. ఇంకా ఉత్తరం పట్టుకురమ్మనే బంధువులకి ఓ దండం.

సవరించిన జాబితాలో పేరు పైకొచ్చింది, ఫీజు కూడా కట్టేశాం. జయనగర్ వైపు యూనిఫాం త్వరగా కుట్టిచ్చే టైలర్ ఎవరైనా ఉంటే చెప్పండి.