బ్రాంచి హెడ్‌ని అయ్యాక నాకిష్టమైన పనే నాకు దొరకడం లేదు. ఏం చేయమంటారు?

పొదుపుపుస్తకం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్-2 మేనేజర్‌ని. ఏడాదిన్నర కిందట ప్రకాశం జిల్లాలో ఒక పల్లె బ్రాంచికి హెడ్‌గా వేశారు. ఒంగోలు నుంచి బస్సులో గంటంబావు. మా ఆయన ఒంగోల్లో లెక్చరర్, బాబు మూడో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. అందుకని రోజూ వెళ్లొస్తున్నాను.

ఈ ఉద్యోగంలోకి ఎందుకు వచ్చానో ముందు చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది కదా, ఆ తర్వాత మా వైపు ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేయడం మొదలుపెట్టారు. మా అమ్మ కూడా ఒక సంఘంలో ఉండేది. అమ్మకి చదువు రాదు. పదేళ్ల వయసులో ఆ సంఘం లెక్కలు నేనే రాసేదాన్ని. ఒకసారి బ్యాంకు ఆఫీసర్ మా అరుగు మీద కూర్చుని పుస్తకమంతా తిరగేసి, "ఎవరమ్మా ఇది రాసింది? కొట్టివేత ఒక్కటీ లేదే" అన్నారు. ఆ రోజే అనుకున్నాను, నేనూ ఆ పనే చేయాలని.

ఆఫీసర్‌గా ఉన్నన్నాళ్లు చేశాను కూడా. గురువారం మధ్యాహ్నం ఊళ్లకి వెళ్లి సంఘాల మీటింగుల్లో కూర్చునేదాన్ని. ఒక సంఘం మొదటి లోను తీసుకున్నప్పుడు తీర్మానం పుస్తకంలో పది మందిలో ఆరుగురివి వేలిముద్రలు. మూడో లోను నాటికి వేలిముద్రలు రెండే. ఆ ఇద్దరిలో ఒక పెద్దావిడ సిరా అంటిన వేలు కొంగుకి తుడుచుకుంటూ, "వచ్చే లోనుకి నేనూ సంతకమే పెడతానమ్మా" అంది. ఈలోపు నాకు ప్రమోషన్, బదిలీ వచ్చాయి.

ఇప్పుడు నా రోజు ఇలా ఉంది. తొమ్మిదిన్నరకి బ్రాంచిలో అడుగు పెట్టేసరికి రీజినల్ ఆఫీసు నుంచి ఫోన్. పంట రుణాల రెన్యువల్స్. తనఖా లేకుండా ఇచ్చే పంట రుణం పరిమితి 2025 జనవరి నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకి పెరిగింది కాబట్టి, వచ్చిన ప్రతి రైతూ పెంచమంటాడు. బంగారం రుణాలు. పొగాకు వేలం డబ్బులు పడే రోజుల్లోనైతే కౌంటర్ ముందు నిలబడటానికి చోటుండదు. వాయిదాలు తప్పిన ఖాతాల జాబితా ఒకటి, 90 రోజులు దాటితే మొండి బాకీ కింద పడుతుంది. సాయంత్రం ఆరున్నరకి రీజినల్ ఆఫీసుతో వీడియో కాన్ఫరెన్స్ (వీసీ). అందులో మొదటి ప్రశ్న, "ఇవాళ ఇన్సూరెన్స్ ఎంత చేశారు?" అది అయ్యాక ఆఫీసర్ పెట్టిన పత్రాలన్నీ ఒక్కొక్కటీ చదివి, తప్పులుంటే నేనే దిద్ది, అప్పుడు బయల్దేరతాను. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. రెండో శనివారం, నాలుగో శనివారం సెలవే, కానీ చాలాసార్లు రికవరీకి వెళ్తున్నాం.

ఈ బ్రాంచికి వచ్చాక సంఘాల మీటింగుకి రెండుసార్లే వెళ్లగలిగాను.

మా వాడు ఈమధ్య ఏది అడగాలన్నా ముందు, "అమ్మా, ఇవాళ వీసీ ఉందా?" అంటున్నాడు. ఉందంటే ఇక ఏమీ అడగడు. వెళ్లి వాళ్ల నానమ్మ దగ్గర పడుకుంటాడు. ఆ వీసీ అనే మాట వాడి నోట వింటే నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

బ్రాంచి వద్దని రాసిచ్చి, బ్రాంచిల లోను కాగితాలు మాత్రమే చూసే లోన్ ప్రాసెసింగ్ సెంటర్‌కి వెళ్లిపోనా? అందరికంటే ముందు ఇంటికి వెళ్లిపోయే మేనేజర్‌ని స్టాఫ్ గౌరవిస్తారా? ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి.

—

ఫైల్‌నంబర్ జవాబు:

నేను మీరన్న ప్రాసెసింగ్ సెంటర్‌లోనే మూడేళ్లుగా ఉన్నాను. బ్రాంచి వద్దని నేనే అడిగి వచ్చాను. ఆరున్నరకి ఇంట్లో ఉంటాను, పాప హోంవర్క్ నేనే చూస్తాను. ఈ నిర్ణయానికి ఒక్క రోజు కూడా బాధపడలేదు.

కానీ మీ ప్రశ్న చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఈ మూడేళ్లలో ఎన్నో లోన్లు చూశాను. వాటిలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు. నాకది లోటు కాదు. తీర్మానం పుస్తకంలో ఎన్ని వేలిముద్రలున్నాయో ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్న మీకు మాత్రం లోటే అవుతుంది. తొందరపడి రాసివ్వకండి.

—

రెండోకౌంటర్ జవాబు:

మేడమ్, నేను క్లర్క్‌ని, 14 ఏళ్ల సర్వీసు. మీ టేబుల్‌కి అవతలి వైపు నుంచి చెప్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.

మాకు ఇదివరకు ఒక మేనేజర్ గారుండేవారు. చాలా మంచి మనిషి, మా మీద ఒక్కసారి గొంతు పెంచలేదు. రాత్రి ఎనిమిదిన్నర దాకా కూర్చునేవారు. మమ్మల్ని ఉండమని ఎప్పుడూ అనలేదు. కానీ ఆయన గదిలో లైటు వెలుగుతుంటే బ్యాగ్ తీసుకుని లేవడానికి మాకు మొహం చెల్లేది కాదు. మా ఊరికి ఆఖరి బస్సు 7:10కి. బ్యాగ్ సర్ది కాళ్ల దగ్గర పెట్టుకుని, కంప్యూటర్లో ఏదో చూస్తున్నట్టు కూర్చునేదాన్ని. ఎన్నోసార్లు ఆ బస్సు పోయి మా ఆయన బండి మీద రావాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. మా దగ్గర కొత్తగా ఒక ఆఫీసర్ చేరాడు, 25 ఏళ్ల పిల్లాడు. అతను పత్రాల్లో తప్పు చేస్తే సార్ రాత్రి కూర్చుని స్వయంగా దిద్దేవారు. పొద్దున వచ్చేసరికి అన్నీ సరిగ్గా ఉండేవి. మొదట్లో ఆ పిల్లాడు సిగ్గుపడ్డాడు. ఆర్నెల్లయ్యాక చదవకుండానే పెట్టడం మొదలుపెట్టాడు. "సార్ ఎలాగూ చూస్తారుగా అక్కా" అనేవాడు. సార్‌ది ప్రేమే, కాదనను. కానీ ఆ పిల్లాడికి పని రాలేదు. వేరే బ్రాంచికి వెళ్లాక అక్కడ చాలా మాటలు పడ్డాడని విన్నాను.

మీ ఆఫీసర్ పత్రాలు మీరే దిద్దుతున్నారని చదవగానే నాకు అతనే గుర్తొచ్చాడు. మీరు ముందు ఇంటికి వెళ్తే గౌరవం పోతుందేమో అన్నారు. మేడమ్, మీరు లేస్తేనే మేం లేవగలం.

—

పాతతాళంచెవి జవాబు:

అమ్మా, నేను 2023లో రిటైరయ్యాను. 34 ఏళ్ల సర్వీసు, అందులో 11 ఏళ్లు బ్రాంచి హెడ్‌గానే. మీ రోజు చదువుతుంటే నా రోజే కళ్ల ముందు కదిలింది.

సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంకు 2021 జులైలో చెప్పింది. ఆ రోజుల్లో పనికి సంబంధించిన సిస్టమ్ ఏదీ వాళ్లకి అందుబాటులో ఉండకూడదు. మోసాలుంటే బయటపడాలని పెట్టిన నిబంధన. 2022 అక్టోబరులో ఒక బుధవారం పదకొండు గంటలకి నాకు ఆ మెయిల్ వచ్చింది. మధ్యాహ్నానికి చార్జి అప్పగించి వెళ్లమన్నారు. అందరికీ వచ్చేదేనని తెలిసినా, నన్నెవరో అనుమానించినట్టే బాధపడ్డాను. అంతకంటే పెద్ద భయం, నేను లేకపోతే బ్రాంచి ఏమైపోతుందోనని.

మా ఊరు వెళ్లిపోయాను. మొదటి రెండు రోజులు ఫోన్ చేతిలోనే. మూడో రోజు మా తమ్ముడితో చేను గట్టు మీద నడుస్తుంటే తట్టింది, పొద్దుట్నుంచి బ్రాంచి నుంచి ఒక్క ఫోనూ రాలేదని. నిజం చెప్పాలంటే అప్పుడు సంతోషం కలగలేదు, దిగులేసింది. ఇన్నేళ్లు నేను అంతసేపు కూర్చుంది దేనికి అని.

తిరిగొచ్చాక నా స్థానంలో వచ్చినాయన నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టారు. "మిగతావన్నీ అయిపోయాయి సార్, ఇవి మాత్రం మీకోసం ఆపాను" అన్నారు. ఒకటి, భర్త పోయిన ఒకావిడ, ఇంటి మీద అప్పు ఎలా తీర్చాలో తెలియక వచ్చి వెళ్లింది. రెండు, ఒక పొదుపు సంఘంలో గొడవ వచ్చి సగంమంది కట్టడం ఆపేశారు. మూడు, మా స్టాఫ్‌లో ఇద్దరికి మాటల్లేవు. నాలుగు, ఒక కుర్రాడు కోళ్ల ఫారానికి అడిగిన లోను. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి, మనిషిని నమ్మొచ్చో లేదో తెలియలేదు.

ఆ నాలుగే నా పని అని అప్పుడు తెలిసింది, అప్పటికి నాకు రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. మీకు ఇంకా 23 ఏళ్లుంది. నేను ఇంతకుముందే రాయాల్సిన మాట ఇది.

ఇన్సూరెన్స్ గురించి మీరు రాసిన తీరులో చిరాకు కనపడింది. నాకూ ఉండేది. బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చిన రైతుకి ఏటా యాభై వేలు కట్టాల్సిన పాలసీ అంటగట్టడం తప్పు. టార్గెట్ ఎంతున్నా నేను ఆ పని చేయలేదు, మాటలు పడ్డాను. కానీ ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా, ఆ రెంటి సంగతి వేరు. ఇందాక చెప్పినావిడ, పోయిన ఆమె భర్త పాస్‌బుక్ తిప్పి చూస్తే 436 కట్ అయి ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు. క్లెయిమ్ ఫారం మా దఫ్తరీయే (బ్రాంచిలో కాగితాలు సర్దే అతను) దగ్గరుండి నింపించాడు. రెండు లక్షలు వచ్చాయి. ఏది అమ్ముతున్నామో చూసుకుంటే ఇన్సూరెన్సూ మన పనే.

బ్రాంచి వదలకండి. చేతిలోవి వదలండి. ముందు పత్రాలు ఆఫీసర్‌కి వదిలేయండి, తప్పొస్తే మీరు దిద్దకుండా పిలిచి అతనితోనే దిద్దించండి. నెల రోజులు మీకు నిద్ర పట్టదు. ఆ తర్వాత పడుతుంది.

—

మూడోవారంమీటింగు జవాబు:

నమస్తే మేడమ్ గారూ. నేను వీవోఏని, అంటే పొదుపు సంఘాల పనులు చూసే గ్రామ సంఘం సహాయకురాలిని. మా ఊళ్లో 22 సంఘాలు చూస్తాను. బ్యాంకు లోపలి సంగతులు నాకు తెలియవు. మాకు జరిగింది చెప్తాను.

మా బ్రాంచికి ఇదివరకు వచ్చిన మేనేజర్ సార్ రెండు నెలలకోసారైనా మీటింగుకి వచ్చేవారు. పావుగంటే ఉండేవారు. చాప మీద కూర్చుని పుస్తకం చూసి, అప్పు తీసుకున్నవాళ్లని "ఆ గేదె పాలిస్తోందా?" అని అడిగేవారు. ఆయన వెళ్లిపోయాక వచ్చినవారు ఒక్కసారి కూడా రాలేదు, అంతా ఫోన్లోనే. ఏడాదిలో మూడు సంఘాల్లో కంతులు ఆగాయి. ఎందుకు కట్టలేదని అడిగితే ఒకామె, "మనం కట్టినా కట్టకపోయినా అడిగే మనిషి లేడుగా" అంది. డబ్బు లేక కాదు.

రికవరీ కోసం శనివారాలు తిరుగుతున్నామని మీరు రాశారు. మీటింగుకి వస్తే ఆ శనివారం తిరుగుడు తగ్గుతుందని నా నమ్మకం.

—

పొదుపుపుస్తకం, ఏడు వారాల తర్వాత:

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. మీరు చెప్పినవి కొన్ని చేసి చూసి రాద్దామని ఆగాను.

రెండో కౌంటర్ గారూ, మీ జవాబు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా క్యాషియర్‌ని ఆఖరి బస్సు ఎన్నింటికని అడిగాను. ఏడాదిన్నరగా ఒకే బ్రాంచిలో ఉన్నాం, ఆ సంగతి నాకు తెలియదు. ఏడింటికట. ఆమె నెలకి 15 రోజులు ఆటో మాట్లాడుకుని వెళ్తోంది. ఆ రోజు నుంచి, వీసీలో నేను కూర్చోవాల్సిన రోజులు తప్ప, ఆరూ నలభైకి నా గదిలో లైటు ఆర్పేస్తున్నాను.

పంట రుణాల పత్రాలు పూర్తిగా ఆఫీసర్‌కి అప్పగించాను. రెండో వారంలోనే తప్పొచ్చింది. 1బీలో (భూమి ఎవరిదో చెప్పే రికార్డు) ఉన్న సర్వే నంబర్ అడంగల్‌లో (సాగు వివరాల రికార్డు) లేదు. మామూలుగా అయితే నేనే రైతుకి ఫోన్ చేసి, కాగితం మళ్లీ తెప్పించి, సరిచేసి పడేసేదాన్ని. చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అతన్ని పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఏం కనపడుతోంది?" అని మాత్రం అడిగాను. చాలాసేపు చూశాడు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే బండేసుకుని రైతు ఇంటికి వెళ్లి, అన్నదమ్ముల పంపకంలో నంబర్ మారిందని కనుక్కుని వచ్చాడు. ఇప్పుడు నాకు ఫైలు ఇచ్చేముందు సర్వే నంబర్ల కింద పెన్సిల్‌తో గీత గీసి ఇస్తున్నాడు. నేను చెప్పలేదు, తనే మొదలుపెట్టాడు.

వీసీ గురించి రీజినల్ ఆఫీసుతో మాట్లాడాను. మంగళ, శుక్రవారాలు మా ఆఫీసర్ కూర్చుంటాడన్నాను. మొదట ఒప్పుకోలేదు. బ్రాంచి హెడ్ లేకపోతే ఎలా అన్నారు. రెండు వారాలు వరసగా అతన్నే కూర్చోబెట్టాను, అంకెలన్నీ తడుముకోకుండా చెప్పాడు. మూడో వారం నుంచి అడగడం లేదు. నిన్న ఆరింటికి మావాడు ఫోన్ చేసి వీసీ ఉందా అన్నాడు. లేదన్నాను. వెంటనే, స్కూల్లో వాళ్ల టీచర్ ఏమందో, పక్కవాడు ఏం చేశాడో, బస్సు ఎక్కి సీట్లో కూర్చునేదాకా చెప్తూనే ఉన్నాడు.

గురువారం మూడున్నరకి మీటింగులకి వెళ్తున్నాను. ఇప్పటికి ఆరు ఊళ్లయ్యాయి. వీవోఏ గారూ, కంతులు ఆగిన సంఘం ఒకటి మాకూ ఉంది. మూడుసార్లు ఫోన్ చేసినా కదలనివాళ్లు, నేను వెళ్లి చాప మీద కూర్చున్న వారానికి రెండు కంతులు కలిపి కట్టారు. వాళ్ల తీర్మానం పుస్తకంలో నాలుగు వేలిముద్రలున్నాయి. లెక్కపెట్టుకుని వచ్చాను.

ఫైల్‌నంబర్ గారూ, రాసివ్వలేదు. రాసివ్వను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. నాలుగో శనివారం రికవరీ ఇంకా తప్పడం లేదు. ఇన్సూరెన్స్‌లో మేం జిల్లాలో కింది నుంచి మూడో స్థానంలో ఉన్నాం, దానికి మాటలు పడుతూనే ఉన్నాను. 436 రూపాయలది మాత్రం ప్రతి సంఘంలోనూ అడిగి చేయిస్తున్నాను, నామినీ పేరు ఇంట్లోవాళ్లకి చెప్పమని కూడా చెప్తున్నాను.

పాతతాళంచెవి సార్, ఒక్కటి అడగాలి. ఆర్నెల్లు కూడా లేవు, మార్చి క్లోజింగ్ వస్తుంది. ఆ నెలలో ఆరూ నలభైకి లైటు ఆర్పడం కుదురుతుందా? మీరు ఆఖరి మార్చిలో ఏం చేశారో వీలుంటే రాయండి.