ఐసీయూలో సక్షన్ తగ్గిందంటే వ్యాక్యూమ్ ప్లాంటు సెట్టింగు పెంచాలా?

ప్లాంట్‌రూమ్_కాకినాడ:
మా ఆసుపత్రి వ్యాక్యూమ్ ప్లాంటులో (రోగుల కఫం, ద్రవాలు లాగే సక్షన్‌ను పైపుల ద్వారా వార్డులకు అందించేది) రెండు ఆయిల్ రోటరీ పంపులు, ఒక రిసీవరు ట్యాంకు ఉన్నాయి. గేజి (లైనులో పీడనం బయటి గాలి కంటే ఎంత తక్కువో చూపేది) 450 మిల్లీమీటర్ల పాదరసానికి పడిపోతే లీడ్ పంపు, అంటే ముందు నడిచేది, మొదలై 550కి చేరగానే ఆగాలి. అది చాలకపోతే రెండోది తోడవాలి. కొంతకాలంగా రాత్రివేళ ఐసీయూ నుంచి సక్షన్ చాలడం లేదని ఫోన్లు వస్తున్నాయి. ప్యానెల్లో ఆగే అంకెను 650కి పెంచడమో, రెండు పంపులనూ మాన్యువల్‌లో పెట్టి ఆపకుండా నడపడమో తప్ప నాకు మరో దారి కనిపించడం లేదు. రోగి ప్రాణం ముందు పంపు ఆయుష్షు చూడకూడదని నా అభిప్రాయం. అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాత_బయోమెడ్:
దయచేసి ఆ పని చేయకండి. మీది సముద్రతీరం కనుక అక్కడ గాలి పీడనం సుమారు 760. గేజి 450 చూపినప్పుడు లైనులో ఇంకా 310 మేర గాలి మిగిలి ఉంటుంది. 650 చూపినప్పుడు మిగిలేది 110 మాత్రమే. పంపు ఒక్కో చుట్టుకు తోడే పరిమాణం మారదు కాబట్టి, అంత పలచబడిన గాలిని తోడేటప్పుడు అది బయటికి పంపగలిగేది దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. లైనులో లీకు ఉందంటే 650 ఎన్నటికీ రాదు, రెండు పంపులూ ఆగవు, ఒకటి చెడిపోతే ఆదుకోవడానికి రెండోది మిగలదు. పైగా పెద్దవారి శ్వాసనాళం శుభ్రం చేసేటప్పుడు మంచం దగ్గర సక్షన్ బలాన్ని నియంత్రించే రెగ్యులేటరును సాధారణంగా 80 నుంచి 150 మధ్యనే పెడతారు. మెయిన్ లైనులో 450 ఉండగా అక్కడ చాలడం లేదంటే లోపం దారిలో ఉన్నట్టే. ఫిల్టర్లు, లాగిన ద్రవం చేరే జార్ల మూతలు, రెగ్యులేటర్లు, వాడకుండా తెరిచి ఉన్న ఔట్‌లెట్లు చూడండి.

గ్యాస్‌లైన్_హైదరాబాద్:
హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ గాలి పీడనమే సుమారు 710. ఇక్కడ 650 పెడితే మిగిలేది 60. అంకెలు ఊరిని బట్టి మారతాయన్న మాట ముందే చెప్పాలి.

ప్లాంట్‌రూమ్_కాకినాడ:
నేను అడిగింది కాకినాడ సంగతి. బయోమెడ్ గారి లెక్కను కాదనను, కానీ ఆ లెక్క పూర్తయ్యేలోపు ఫోన్లో సిస్టర్ గారు ఎదురుచూస్తూ ఉంటారు. ప్లాంటులోని బాక్టీరియా ఫిల్టరుకు ముందూ వెనకా గేజీలు ఒకే రీడింగు చూపుతున్నాయి, అంటే అది మూసుకుపోలేదు. ఆటో నియంత్రణను నమ్మమనడం కూడా సులభమే. ఇంతకుముందు నేను పనిచేసిన చోట లీడ్ పంపు కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) అంటుకోలేదు, స్టాండ్‌బై పంపు తనంతట తాను మొదలు కాలేదు, మెమో మాత్రం నాకు ఇచ్చారు.

పాత_బయోమెడ్:
ఒక కాంటాక్టరు చెడిపోయిందని ఆటో నియంత్రణే పనికిరాదనడం సరికాదు. అది పంపులను వంతులవారీగా నడిపి అరుగుదలను సమానం చేస్తుంది. మోటారు మాటిమాటికీ స్టార్టు కాకుండా చూస్తుంది. మొదలైన పంపు కనీసం కొంతసేపు నడిచి ఆయిల్ వేడెక్కి అందులోని తేమ పోయేలా చేస్తుంది. మాన్యువల్‌లో పెట్టి బయటికి వెళ్ళిపోయే ఆపరేటర్లను నేను చూశాను. ఆయిల్ మట్టం ఎవరూ గమనించక తెల్లారేసరికి వేన్లు (పంపు లోపల గాలిని నెట్టే రెక్కలు) విరిగి పంపు బిగుసుకుపోయింది. మీ ఆలోచన కూడా అటే పోతోంది.

ప్లాంట్‌రూమ్_కాకినాడ:
నేను బయటికి వెళ్ళే మనిషిని కాను, ఆ మాట వెనక్కి తీసుకోండి. రాత్రిపూట ఆక్సిజన్ మానిఫోల్డు, ఎయిర్ కంప్రెసర్లు, వ్యాక్యూమ్, జనరేటరు అన్నింటికీ కాంట్రాక్టు మీద ఉన్న ఆపరేటరును నేనొక్కడినే. అలారం ప్లాంటు గదిలో మోగుతుంది. నేను సిలిండర్లు మార్చే చోటికి ఆ చప్పుడు వినిపించదు. ఐసీయూలోకి వెళ్ళి ఔట్‌లెట్లు పరీక్షించే అనుమతి నాకు లేదు. ఇంత వ్యవస్థలో ప్యానెల్ మీది అంకె ఒక్కటే నా చేతిలో ఉంది, అందుకే దాన్ని తిప్పుతానంటున్నాను.

ఐసీయూ_సిస్టర్:
నేను పనిచేసేది వేరే ఊళ్ళో అయినా మా పరిస్థితీ ఇంతే. జార్ నిండినప్పుడు గాలిని ఆపే ఫ్లోటు విరిగి, ద్రవం రెగ్యులేటరులోకి, అక్కడి నుంచి పైపులోకి పోయింది. పుస్తకంలో రాశాము. బయోమెడికల్ వారు పైపులు తమవి కావన్నారు, పైపుల వారు జార్లు తమవి కావన్నారు. ఖాళీ మంచాల దగ్గర కూడా రెగ్యులేటర్లను తెరిచే ఉంచుతాము, ఎందుకంటే రోగి ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు ఏది పనిచేస్తుందో వెతికే వ్యవధి ఉండదు.

పాత_బయోమెడ్:
బయటికి వెళ్ళే మనిషి అన్నట్టు ధ్వనించిన మాటను వెనక్కి తీసుకుంటున్నాను. 650 మాత్రం ఇప్పటికీ తప్పే. అలారం సంకేతం ఎల్లవేళలా సిబ్బంది గమనించగల చోట ఉండాలని ఆసుపత్రి గ్యాస్ పైపులైన్ల ఐఎస్ఓ 7396-1 ప్రమాణమే చెబుతుంది. నర్సుల స్టేషన్‌లో ప్యానెల్ కావాలని లిఖితపూర్వకంగా అడగండి. ఈలోగా జోన్ వాల్వులను (ఒక్కో వార్డు లైనును విడిగా మూసేవి) ఒక్కొక్కటిగా మూసి చూడండి. ఏ వాల్వు మూసినప్పుడు పంపులు త్వరగా ఆగుతాయో గాలి పోతున్నది ఆ వార్డులోనే.

ఐసీయూ_సిస్టర్:
ఐసీయూ వాల్వును ముట్టుకునే ముందు ప్రతి మంచం దగ్గరా కరెంటుతో నడిచే సక్షన్ మెషీను సిద్ధంగా ఉండాలి, డ్యూటీ డాక్టరు సంతకం ఉండాలి. అవి లేకుండా ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి.

ప్లాంట్‌రూమ్_కాకినాడ:
వార్డుల వాల్వులతో మొదలుపెడతాను, అదీ పగటిపూట, ఇన్‌ఛార్జి సిస్టర్ గారు పక్కన ఉండగా. ఐసీయూ వాల్వు సంతకం వచ్చాకే. అంతవరకూ రాత్రి ఫోను వస్తే రెండో పంపును చేత్తో వేస్తాను, గేజి నిలబడ్డాక ఆటోలోకి తెస్తాను. అది కూడా వద్దంటే మరేం చేయాలో చెప్పండి.