అప్‌డేట్: మా ప్రాడో కారులో కార్గో బ్యారియర్ (వెనక సామాను ముందుకి ఎగిరి రాకుండా సీట్ల వెనక అడ్డంగా పెట్టే జాలీ) బిగించాను

పోయిన నెల అడిగాను కదా, ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి ఎక్స్‌మౌత్‌కి 1,200 కిలోమీటర్ల పైనే ప్రయాణం, వెనక ఫ్రిజ్, టూల్ బాక్స్, నీళ్ల క్యాన్లు ఉంటాయి, సామాను ఆపడానికి వల సరిపోతుందా, స్టీల్ బ్యారియరే కావాలా అని. స్టీల్‌దే తీసుకోమన్నారు, తీసుకున్నాను.

కాకపోతే ముందు కక్కుర్తి పడ్డాను. ఎవరో అమ్ముతున్న పాతది చవగ్గా కొంటే, అది వేరే మోడల్‌ది. రంధ్రాలు కలవలేదు. పైగా దాని ఫ్రేమ్ పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (గుద్దుకున్నప్పుడు కిటికీల మీదుగా తెరలా విచ్చుకునే గాలి సంచి) తెరుచుకునే చోటికే అడ్డం వచ్చింది. డబ్బు దండగ. రెండోసారి మా బండి మోడల్‌కే చేసినది, ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 4034 (కార్గో బ్యారియర్లకి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణం) స్టిక్కర్ ఉన్నది చూసి కొన్నాను.

బిగించడంలో చేసిన తప్పు: ఎడమవైపు బోల్టులు పూర్తిగా బిగించేశాను. కుడివైపు అందలేదు! మళ్లీ అన్నీ వదులు చేసి, నాలుగూ చేత్తో ఎక్కించి, ఆ తర్వాత టార్క్ రెంచ్ (బోల్టుని ఎంత బిగించాలో అంతే బిగించే పానా) పట్టాను. గంట పని మూడు గంటలైంది.

పాప కారు సీటుని పైనుంచి వెనక్కి పట్టి ఉంచే పట్టీ సంగతి మా ఆవిడ గుర్తు చేసింది. దాన్ని తగిలించే బండి కొక్కెం బ్యారియర్‌కి వెనకపక్కన ఉంది. పట్టీని జాలీ సందులోంచి మెలిక పడకుండా లాగి తగిలించాం. బ్యారియర్‌కి మాత్రం తగిలించకండి, అది దానికోసం చేసింది కాదు.

ప్రయాణంలో జెరాల్డ్‌టన్ ఊరు చేరేసరికి ఒకటే టకటక చప్పుడు. ఒక బోల్టు కాస్త వదులైంది, అక్కడే బిగించాను. తర్వాత దారిలో కంగారూ అడ్డొచ్చి గట్టిగా బ్రేక్ వేశాను, టూల్ బాక్స్ దబ్బున వచ్చి జాలీకి కొట్టుకుని ఆగిపోయింది.